డిక్కీలో గాలి

పోర్ట్‌బ్లెయిర్‌లోని డెలానీపూర్‌లో నౌకాదళం వాళ్ళ సముద్రిక మ్యూజియం ఆవరణలో ఒక నీలి తిమింగలం అస్థిపంజరం ఉంది. నికోబార్ తీరానికి కొట్టుకొచ్చిన పిల్ల తిమింగలం అది. ఆ జాతి ప్రాణులు పలికే పలుకు చాలా మంద్రంగా, ఎక్కువగా సెకనుకు పది నుంచి నలభై కంపనాల మధ్య ఉంటుంది. అందులో అడుగు భాగం మనిషి చెవికి అందనే అందదు. అదే మ్యూజియం ముందు రోడ్డు మీద సాయంత్రం పూట వెళ్ళే కార్లలో కొన్నింటి నుంచి గుండెలో గుద్దినట్టు వచ్చే మోత కూడా దాదాపు ఆ మెట్టులోనిదే. సెకనుకు ముప్ఫై, నలభై, యాభై కంపనాలు. తిమింగలానికి ఆ ధ్వని పుట్టించడానికి ఇరవై మీటర్లు దాటిన ఒళ్ళుంది. కారు యజమానికి ఉన్నది పన్నెండు అంగుళాల వూఫరు, దాని చుట్టూ ఒక చెక్కపెట్టె. ఇంత చిన్న సామగ్రితో అంత పెద్ద తరంగాన్ని ఎలా పుట్టించగలుగుతున్నాం అన్నదే ఈ అధ్యాయం. పెట్టెను పూర్తిగా మూసెయ్యాలా, ఒక గొట్టం పెట్టి తెరిచి ఉంచాలా అన్న ప్రశ్న అందులోంచే పుడుతుంది.

పోర్ట్‌బ్లెయిర్‌లో (2024 సెప్టెంబరు నుంచి దాని పేరు శ్రీ విజయపురం) ఈ ప్రశ్న తెలుగులో వినిపించడం వింతేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ దీవుల్లో ప్రతి వందమందిలో పదముగ్గురు తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్ళే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఓడెక్కి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వాళ్ళలో చాలా ఎక్కువ. డప్పు దెబ్బ మీద ప్రేమ వాళ్ళతోపాటే సముద్రం దాటింది.

ముందు అసలు పెట్టె ఎందుకో చూద్దాం. వూఫరును పెట్టెలోంచి ఊడదీసి బల్ల మీద పెట్టి పాట వెయ్యండి. గొంతు వినిపిస్తుంది, తాళాలు వినిపిస్తాయి, బేస్ మాత్రం మాయమైపోతుంది. వూఫరు శంకువు ముందుకు కదిలినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది. అదే క్షణంలో వెనకనున్న గాలి పలచబడుతుంది. 40 హెర్ట్జ్ (సెకనుకు 40 కంపనాల) ధ్వని తరంగం గాలిలో దాదాపు ఎనిమిదిన్నర మీటర్ల పొడవుంటుంది. అడుగు వెడల్పు శంకువు అంత తరంగానికి ఏమాత్రం అడ్డం కాదు. వెనక పుట్టిన పలచదనం చుట్టుతిరిగి వచ్చి ముందు పుట్టిన ఒత్తిడిని చెరిపేస్తుంది. ఆ వెనక తరంగాన్ని విడిగా ఉంచడమే పెట్టె చేసే మొదటి పని. విడదీశాక దాన్ని ఏం చెయ్యాలి? బంధించి అక్కడే అణచెయ్యడం ఒక దారి. తిప్పి బయటికి పంపి, ముందు తరంగానికి సాయంగా నిలబెట్టడం ఇంకో దారి.

బంధించే దారి గొప్పదనాన్ని లోకానికి చూపించినవాడు ఎడ్గర్ విల్చర్ అనే అమెరికన్. అంతకు ముందు మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టెలు ఉండేవి. శంకువును వెనక్కి లాగే పని దాని అంచుకు, మెడకు ఉన్న బట్ట, అట్ట మడతలు చేసేవి. ఎక్కువ దూరం కదిలినప్పుడు అవి సమానంగా లాగవు, ఒక హద్దు దాటాక బిగుసుకుంటాయి. పాట చెడిపోయేది అక్కడే. సూది తీసేసిన సిరంజి కొనను వేలితో మూసి పిడిని నొక్కి చూడండి. లోపలి గాలి మీ బొటనవేలిని వెనక్కి తోస్తుంది, ఎంత నొక్కితే అంత. ఆ గాలి స్ప్రింగు గుడ్డ మడతల కన్నా ఎంతో నమ్మకంగా, సమంగా పని చేస్తుందని విల్చర్ గ్రహించాడు. అంచులను కావాలని వదులు చేసి, శంకువును వెనక్కి లాగే పని గాలికే అప్పగించాడు. 1954లో హెన్రీ క్లాస్ అనే తన విద్యార్థితో కలిసి మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో అకౌస్టిక్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టాడు. వాళ్ళ మొదటి స్పీకరు ఏఆర్-1 పుస్తకాల అరలో పట్టేంత పెట్టెలోంచి బీరువాలకు దీటైన బేస్ ఇచ్చింది. ఈ రోజు మీ కారు డిక్కీలో ఉన్న మూసిన పెట్టె ఆ వంశానిదే.

గొట్టం పెట్టె ఇంకా పాతది. బెల్ లేబొరేటరీస్‌లో పని చేసిన ఆల్బర్ట్ థురాస్‌కు 1932లో దాని మీద పేటెంటు వచ్చింది. అందులోని సూత్రం మాత్రం మన కచేరీల్లో అంతకు ఎంతో ముందు నుంచీ ఉంది. ఘటం వాయించేవాళ్ళను గమనించండి. కుండ గోడ మీద వేళ్ళు పడితే ఖంగుమనే నాదం వస్తుంది. మూతి దగ్గర అరచెయ్యి పడితే లోపలి నుంచి గంభీరంగా ఒక మంద్ర ధ్వని లేస్తుంది. అది మట్టి పలికింది కాదు, లోపలి గాలి పలికింది. కుండ కడుపులో ఉన్న గాలి స్ప్రింగు, మెడలో ఉన్న గాలి బరువు. స్ప్రింగు, బరువు కలిస్తే వాటికి ఒక సొంత ఊపు ఉంటుంది. మూతిని పొట్టకు ఆనించి, తీసి, విద్వాంసుడు మార్చేది ఆ ఊపునే. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ దీనికి లెక్క కట్టాడు. కడుపు పెద్దదైతే స్వరం దిగుతుంది, మెడ పొడవైతే ఇంకా దిగుతుంది, మూతి వెడల్పైతే స్వరం పైకెక్కుతుంది.

ఆ లెక్కతోనే మన వూఫరు పెట్టెకు గొట్టం కొయ్యొచ్చు. లోపల 50 లీటర్ల ఖాళీ ఉన్న పెట్టె, 10 సెంటీమీటర్ల వెడల్పు గొట్టం, 35 హెర్ట్జ్ దగ్గర పలకాలి అనుకుందాం. గొట్టం సుమారు 31 సెంటీమీటర్ల పొడవుండాలి. పెట్టె 40 లీటర్లకు తగ్గిస్తే అదే స్వరానికి అదే గొట్టం 40 సెంటీమీటర్లు దాటుతుంది, అంత పొడుగు గొట్టం ఆ చిన్న పెట్టెలో పట్టించడమే కష్టం. గొట్టం సన్నగా పెట్టి పొడవు తగ్గించుకుందామంటే, గాలి అందులో దూసుకుపోయి బుస్సుమని చప్పుడు చేస్తుంది. గొట్టం పెట్టె గురించి మాట్లాడేటప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి ఇది: అది చోటు అడుగుతుంది. ఒకే వూఫరుకు మూసిన పెట్టె 25, 30 లీటర్లతో సరిపెట్టుకుంటే గొట్టం పెట్టెకు దానికి దాదాపు రెట్టింపు కావాలి. ఆల్టో కె10 డిక్కీ మొత్తం 214 లీటర్లు. బయటి చెక్క మందం, వూఫరు మిషను, గొట్టం ఆక్రమించే చోటు కలుపుకుంటే బియ్యం బస్తాకు మిగిలేదెంతో మీరే చూసుకోండి.

చోటు ఇచ్చినందుకు గొట్టం పెట్టె ఏమిస్తుంది? మోత. గొట్టం పలికే స్వరం దగ్గర శంకువు దాదాపు కదలకుండా ఉంటుంది, పని అంతా గొట్టంలోని గాలి చేస్తుంది. అదే యాంప్లిఫయరు, అదే వూఫరుతో ఆ ప్రాంతంలో మూడు డెసిబెల్స్ పైచిలుకు ఎక్కువ వస్తుంది. మూడు డెసిబెల్స్ అంటే చిన్న మాట కాదు, మూసిన పెట్టెతో అది సాధించాలంటే యాంప్లిఫయరు వాట్లు రెట్టింపు చెయ్యాలి. ఇది గొట్టం పెట్టెకున్న నిజమైన, కాదనలేని గొప్ప.

అది తీసుకునేది కూడా ఉంది. గొట్టం పలికే స్వరం కన్నా కిందికి దిగితే పెట్టెలోని గాలి స్ప్రింగుగా పని చెయ్యడం మానేస్తుంది. శంకువు తోసిన గాలి గొట్టంలోంచి ఊరికే బయటికి పోతుంది. పట్టు లేని శంకువు అదుపు తప్పి ఊగుతుంది, యాంప్లిఫయరు ఇంకా గట్టిగా తోస్తే శంకువును కదిపే తీగచుట్ట (వాయిస్ కాయిలు) వెనక లోహానికి కొట్టుకుంటుంది. అందుకే గొట్టం పెట్టె ఉన్నవాళ్ళు యాంప్లిఫయరులో అంత కింది స్వరాలను ఆపే సబ్‌సోనిక్ ఫిల్టరు పెట్టి తీరాలి. అది లేని చౌక యాంప్లిఫయరుతో గొట్టం పెట్టె వాడమని నేను ఎవరికీ చెప్పను. రెండో లోటు చెవికి తెలుస్తుంది. ఊపు మీద నడిచే ఏదైనా మొదలవడానికి కాస్త సమయం తీసుకుంటుంది, ఆగడానికీ తీసుకుంటుంది. దెబ్బ పడి అయిపోయాక కూడా గొట్టంలో గాలి కొద్దిసేపు పలుకుతూనే ఉంటుంది. డప్పు మీద వరసగా పడే దెబ్బల మధ్య నిశ్శబ్దం నిండిపోతుంది.

ఇప్పుడు కారు దగ్గరికి వద్దాం. స్పీకరు పుస్తకాల్లో ఎక్కువ భాగం ఇంటి హాలు కోసం రాసినవి. కారు హాలు కాదు, ఈ ప్రశ్నకు జవాబు మారిపోయేది అక్కడే.

చిన్న హ్యాచ్‌బ్యాక్ లోపల ముందు అద్దం నుంచి వెనక అద్దం దాకా సుమారు రెండున్నర మీటర్లు. ధ్వని తరంగం సగం పొడవు కూడా ఆ చోటులో పట్టకపోతే అది తరంగంలా ప్రయాణించడం మానేస్తుంది. కారులోని గాలి అంతా ఒకేసారి నొక్కుకుని ఒకేసారి వదులవుతుంది. ఆ హద్దు రెండున్నర మీటర్ల కారుకు దాదాపు 70 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అక్కడి నుంచి కిందికి దిగుతున్నకొద్దీ కారే బేస్‌ను పెంచడం మొదలుపెడుతుంది. సిద్ధాంతం ప్రకారం ఒక స్థాయి దిగితే, అంటే 70 నుంచి 35కు వస్తే, 12 డెసిబెల్స్ పెరగాలి. నిజమైన కారులో తలుపు సందులు, వణికే రేకులు కొంత మింగేస్తాయి కాబట్టి అంత రాదు, కానీ చెప్పుకోదగ్గంత వస్తుంది.

మూసిన పెట్టె తన సహజ స్వరం కన్నా కిందికి పోతే స్థాయికి 12 డెసిబెల్స్ చొప్పున తగ్గుతుంది. గొట్టం పెట్టె 24 చొప్పున పడిపోతుంది. పన్నెండు తగ్గే పెట్టెను పన్నెండు పెంచే కారులో పెట్టండి. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చి, బేస్ అడుగు దాకా దాదాపు చదునుగా వస్తుంది. హాల్లో బక్కగా వినిపించిన పెట్టె కారులో నిండుగా పలుకుతుంది. గొట్టం పెట్టె సంగతి వేరు. అది 35, 45 హెర్ట్జ్ దగ్గర ముందే పెంచి ఇస్తుంది, దాని మీద కారు ఇంకా పెంచుతుంది. అక్కడ ఒక గుట్ట లేస్తుంది. ఆ గుట్ట దగ్గర పడిన ప్రతి స్వరమూ ఒకే ‘బూం’గా వినిపిస్తుంది. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు ఎంత అందంగా నడుస్తుందో విన్నవాళ్ళకు తెలుసు. నాలుగు తీగల బేస్ గిటారు అడుగు తీగ 41 హెర్ట్జ్, దాని పైది 55, ఆపైన 73, 98. ఆ నడకలో మెట్టు మెట్టూ విడిగా వినపడాలంటే గుట్ట లేని బేస్ కావాలి. డీజే మిక్సుల్లో కంప్యూటరు పుట్టించిన ముప్ఫై హెర్ట్జ్ దరువు ఒక్కటే కావాలనుకునేవాళ్ళకు ఆ గుట్టే కావాలి. ఇందులో ఎవరి ఇష్టమూ తప్పు కాదు, కానీ తనకు ఏది ఇష్టమో తెలుసుకోకుండా పెట్టె కొనడం తప్పు.

కారు చేసే ఈ సాయం అద్దాలు మూసి ఉన్నంతసేపే. నాలుగు అద్దాలూ దించి సముద్రపు గాలి పీల్చుకుంటూ కోర్బిన్స్ కోవ్ వైపు వెళ్ళేవాళ్ళ కారులో గాలిని నొక్కి పట్టడానికి గోడలే ఉండవు, మూసిన పెట్టె మళ్ళీ బక్కచిక్కుతుంది. ఆటోల్లో బేస్ పెట్టుకునేవాళ్ళు ఎప్పుడూ గొట్టం పెట్టెల వైపే ఎందుకు మొగ్గుతారో దీన్నిబట్టి అర్థమవుతుంది: పక్కలు తెరిచి ఉన్న బండి ఏ సాయమూ చెయ్యదు. డిక్కీ విడిగా ఉండే డిజైర్ లాంటి కార్లలో సీటు వెనక రేకు, దూది మధ్యలో అడ్డం వస్తాయి, అక్కడ కూడా గొట్టం పెట్టె ఇచ్చే అదనపు బలం పనికొస్తుంది. అన్నట్టు, వేగంగా వెళ్తున్నప్పుడు వెనక అద్దం ఒక్కటే దించితే చెవుల్లో గుబగుబమని ఒత్తిడి కొడుతుందే, అది కారే ఘటమై పలకడం. లోపలి గాలి స్ప్రింగు, కిటికీ మెడ.

ఏ వూఫరు ఏ పెట్టెకు అన్నది ఒకప్పుడు కోసి, విని, మళ్ళీ కోసి తేల్చుకోవాల్సి వచ్చేది. 1961లో ఆస్ట్రేలియా ఇంజనీరు నెవిల్ థీల్ గొట్టం పెట్టెల మీద ఒక పత్రం రాశాడు. పదేళ్ళ పాటు ఆ దేశం బయట దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1971లో అమెరికాలో అది మళ్ళీ అచ్చయింది. ఆ వెంటనే సిడ్నీ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఇవాళ వూఫరు డబ్బాలో వచ్చే కాగితం మీద ఎఫ్ఎస్, క్యూఈఎస్, క్యూటీఎస్, వీఏఎస్ అని కనిపించే అంకెలు ఆ ఇద్దరి పేరు మీద ఉన్నవే. ఎఫ్ఎస్‌ను క్యూఈఎస్‌తో భాగించండి. జవాబు 50 చుట్టుపక్కల ఉంటే ఆ వూఫరు మూసిన పెట్టెకు పుట్టింది. 100కు దగ్గరైతే గొట్టానికి. ఉదాహరణకు 30ని 0.55తో భాగిస్తే 55 దాకా వస్తుంది, 32ను 0.35తో భాగిస్తే 91. మధ్యలో వస్తే రెండింటిలోనూ ఇముడుతుంది. ఇది మోటు లెక్కే, కానీ షాపులో కౌంటరు ముందు నిలబడి ఫోన్ కాలిక్యులేటరుతో చేసుకోగలిగిన లెక్క. ఆ కాగితం లేని వూఫరును ఎంత చౌకగా ఇచ్చినా కొనొద్దు.

అకౌస్టిక్ రీసెర్చ్‌లో పని చేసిన ఆంటన్ హాఫ్‌మన్ ఒక గట్టి నియమం చెప్పాడు. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ మోత: ఈ మూడూ ఒకచోట దొరకవు, రెండు ఎంచుకుంటే మూడోది వదులుకోవాలి. ఇన్నేళ్ళైనా ఆ నియమాన్ని ఎవరూ దాటలేదు. మూడూ ఇస్తామనే ప్రకటన కనపడితే ఈ నియమం గుర్తు తెచ్చుకోండి.

దీవుల్లో పెట్టెకు ఇంకో శత్రువు ఉంది, తేమ. ఏడాదికి మూడు వేల మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. ప్రపంచమంతా వూఫరు పెట్టెలు ఎండీఎఫ్‌తో చేస్తారు, అది సమంగా ఉంటుంది, మోగదు, కోతకు సులువు. కానీ చెక్క నారను జిగురుతో అదిమి చేసిన ఆ పలక నీళ్ళు తాగితే ఉబ్బుతుంది, ఉబ్బినచోట స్క్రూ పట్టదు, స్క్రూ పట్టని మూసిన పెట్టె మూసినట్టు కాదు. సన్న సందు చాలు, గాలి స్ప్రింగు పోతుంది, సందులోంచి ఈల వస్తుంది. ఇక్కడ నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్, ఐఎస్ 710 గుర్తు ఉన్నది, 18 మిల్లీమీటర్ల మందంతో వాడడమే మేలు. డెలానీపూర్‌కు దగ్గరలోనే 1883 నాటి ఛాతం రంపపు మిల్లు ఉంది, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడ్డా మళ్ళీ నిలబడింది. చెక్క పని తెలిసిన చేతులకు ఈ ఊళ్ళో కొదవ లేదు. ఓడలో తయారుపెట్టె తెప్పించుకునే బదులు వూఫరు ఒక్కటి తెప్పించుకుని, కొలతలు ఇచ్చి పెట్టె ఇక్కడే చేయించుకోవడం అన్ని విధాలా మంచిది. అతుకులన్నీ లోపలి నుంచి సిలికాన్‌తో మూయించండి. తర్వాత 30 హెర్ట్జ్ ధ్వని సన్నగా పెట్టి, వెలిగించిన అగరుబత్తిని అతుకుల వెంట నడిపించండి. పొగ అదిరినచోట సందు ఉన్నట్టు.

వూఫరు అంచు నురుగుదా, రబ్బరుదా అని కూడా అడగండి. నురుగు అంచులు తేమలో కొన్నేళ్ళకే పొడిపొడి అవుతాయి, రబ్బరు నిలుస్తుంది. గొట్టం పెట్టెలో ఉప్పుగాలి నేరుగా వాయిస్ కాయిలు దాకా పోతుంది, బొద్దింకలూ పోతాయి. కారు కొన్నాళ్ళు కదలకుండా ఉంటే గొట్టానికి మూత పెట్టి ఉంచడం అలవాటు చేసుకోవాలి, పాట పెట్టే ముందు తియ్యడమూ గుర్తుంచుకోవాలి.

చిన్న కారు, చాలాసేపు ఏసీ వేసుకుని అద్దాలు మూసి నడిపే అలవాటు, అన్ని రకాల పాటలూ వినే కుటుంబం. ఈ ఊళ్ళో ఎక్కువమంది పరిస్థితి ఇదే, వాళ్ళకు నా సలహా మూసిన పెట్టె, సందేహం లేదు. చోటు పెట్టగలిగినవాళ్ళు, అద్దాలు దించి నడిపేవాళ్ళు, మోతే కావాలనుకునేవాళ్ళు గొట్టం పెట్టె చేయించుకోవచ్చు, కానీ లెక్క కట్టి, 30 నుంచి 35 హెర్ట్జ్ మధ్య పలికేలా, సబ్‌సోనిక్ ఫిల్టరుతో. లెక్క లేకుండా బజారులో దొరికిన గొట్టం గుచ్చిన పెట్టె రెండింటికీ చెడుతుంది.

ఇంత కష్టపడి పుట్టించిన ఈ ధ్వని ఎక్కడెక్కడికి పోతుందో కూడా తెలియాలి. మన చెవి మంద్ర ధ్వనిని సులువుగా పట్టదు. 40 హెర్ట్జ్ వినపడడం మొదలవ్వాలంటేనే సుమారు 50 డెసిబెల్స్ కావాలి. అందుకే బేస్ ప్రియులు వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు, చెవికి ప్రమాదం దాటిపోయినా తెలియదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. ఆ కొలతకు వాడే మీటరు మనిషి చెవిని అనుకరిస్తూ 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 35 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. అంటే మీటరు మీద హద్దులో ఉన్న బేస్ కూడా పక్కింటి కిటికీ అద్దాన్ని వణికించగలదు. గొంతులు, తాళాలు గోడ దగ్గర ఆగిపోతాయి, మంద్ర ధ్వని ఆగదు. పసిపిల్లలున్న ఇంటికి, జబ్బుపడినవాళ్ళున్న ఇంటికి మీ పాట చేరదు, దెబ్బ ఒక్కటే చేరుతుంది. డెలానీపూర్‌లాంటి ఇళ్ళు ఒత్తుగా ఉన్న చోట రాత్రి పది దాటాక వూఫరు స్విచ్ ఆపెయ్యండి. జిర్కాటాంగ్ గేటు దాటి జారవా ఆదివాసుల అడవిలోంచి ఉత్తరానికి వెళ్ళేటప్పుడు వాళ్ళ ఇంట్లోంచి వెళ్తున్నామని తలచుకుని, బేసే కాదు, పాట మొత్తం ఆపెయ్యండి.